పడమటి బాల్కనీ రెయిలింగ్‌కి వేలాడే పూల మొక్కలు: పెటునియాలు రెండోసారీ పోయాయి, ఏం పెట్టమంటారు?

ఐదో_అంతస్తు · జూన్ 14

అందరికీ నమస్కారం. మేం నిజాంపేటలో ఉంటాం, ఐదో అంతస్తు, బాల్కనీ పడమర ముఖం. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ముచ్చటపడి రెయిలింగ్‌కి తగిలించే పొడవాటి డబ్బాలు ఆరు ఆన్‌లైన్‌లో కొన్నాను. రేకు డబ్బాలు, ఒక్కోటి 24 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 6 లోతు. వాటిలో పెటునియాలు పెడితే నెలన్నర పాటు వచ్చినవాళ్ళందరూ ఫోటోలు తీసుకున్నారు. ఉగాది దాటాక ఆకులు జిగటగా వేలాడిపోయి, కాండం గోధుమరంగు తిరిగి, ఏప్రిల్ ఆఖరుకి ఎండు గడ్డి మిగిలింది. సరే నీళ్ళు చాల్లేదేమో అనుకుని ఈ ఏడాది మళ్ళీ ఫిబ్రవరిలోనే కొని రెండు పూటలా పోశాను. ఈసారి ఇంకా తొందరగా పోయాయి, ఏప్రిల్ మొదటి వారానికే సగం కుళ్ళిపోయాయి.

నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. రెయిలింగ్ ఇనుము కనపడకుండా పూలు కిందకి జాలువారుతూ ఉండాలి, వీడియోల్లో చూపిస్తారు కదా అలా. కానీ చిక్కులున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలై పొద్దు గూకే దాకా ఎండ నేరుగా కొడుతుంది, గోడ మీద చెయ్యి పెడితే రాత్రి తొమ్మిదికి కూడా వేడిగానే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు పది రోజులు ఊరెళ్తాం. కింద ఫ్లాట్ వాళ్ళు తమ బట్టల మీద మట్టినీళ్ళు పడుతున్నాయని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పెట్టారు, ఆ రోజు నుంచి మొక్కలకి నీళ్ళు పోయాలంటేనే టెన్షన్. ఇక మా అత్తగారు "అన్ని డబ్బాలు పెట్టావు, దేవుడికి ఒక్క పువ్వు పెట్టే మొక్క లేదు" అంటున్నారు.

మృగశిర వచ్చేసింది, వానలు మొదలయ్యాయి. ఇప్పుడు పెడితే మళ్ళీ వేసవిని తట్టుకునే మొక్కలేమైనా ఉన్నాయా, లేక పడమటి బాల్కనీకి పూలమొక్కలు వద్దనుకుని మనీప్లాంట్ పెట్టుకోవడమేనా?

---

గంగవాయిలి · జూన్ 14

గడ్డి గులాబీ. ఆరు డబ్బాల్లోనూ అదే పెట్టండి, ఇంకేం ఆలోచించకండి.

---

మియాపూర్_మిద్దె · జూన్ 14

పైన చెప్పినది ముప్పాతిక వంతు నిజం, మిగతా పావు వంతు నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మీ పెటునియాల సంగతి. మీ చేతి తప్పేం లేదండీ, తప్పు క్యాలెండర్‌ది. మనం చూసే ఆ వీడియోలన్నీ చలి దేశాల వాళ్ళవి. వాళ్ళకి వేసవి పూలంటే మనకి చలికాలం పూలు. పెటునియా, వెర్బీనా, అలిసమ్, నాస్టర్షియం ఇవన్నీ హైదరాబాద్‌లో అక్టోబర్, నవంబర్‌లో పెట్టి హోలీ దాకా చూసుకుని ఆ తర్వాత దండం పెట్టి పీకేయాల్సినవి. మీరు ఫిబ్రవరిలో కొన్నారంటే ఆఖరి నెలన్నరకి టికెట్ కొన్నారన్నమాట. నర్సరీ వాళ్ళు ఫిబ్రవరిలోనూ నిండా పూలతో అమ్ముతారు, ఎందుకు అమ్మరు, కొనేవాళ్ళున్నారు కదా. రెండోసారి రెండు పూటలా నీళ్ళు పోయడం వల్ల ఇంకా తొందరగా పోయాయి. వేడికి మొక్క అప్పటికే నీళ్ళు తాగడం తగ్గించేసి ఉంటుంది, ఆకు వాడిపోయింది కదా అని మనం ఇంకా పోస్తాం, వేరు కుళ్ళుతుంది, ఆకు ఇంకా వాడుతుంది, మనం ఇంకా పోస్తాం.

కాబట్టి ఆరు డబ్బాలనీ ఒకే రకంగా చూడకండి. నాలుగింటిలో ఏడాది పొడవునా ఉండే మొక్కలు పెట్టండి, రెండు మాత్రం చలికాలం పూల కోసం ఉంచండి.

గడ్డి గులాబీ, అదే టేబుల్ రోజ్, మన గంగవాయిలి కూరకి దగ్గరి చుట్టం. ఆకుల్లోనే నీళ్ళు దాచుకుంటుంది కాబట్టి ఎండకి భయపడదు. కొమ్మ తుంచి మట్టిలో గుచ్చితే వారం పది రోజుల్లో వేరు పట్టేస్తుంది, కొనే పని కూడా లేదు, ఎవరింట్లో ఉంటే వాళ్ళని నాలుగు కొమ్మలు అడగండి. నర్సరీలో రెండు రకాలు దొరుకుతాయి. సన్నటి సూదుల్లాంటి ఆకులున్నది ముద్ద పూలు పూస్తుంది. వెడల్పాటి ఆకుది రేకలు తక్కువ పూలు పూస్తుంది కానీ బాగా పాకి కిందకి వేలాడుతుంది, రెయిలింగ్‌కి రెండోదే తీసుకోండి. ఒక లోపం మాత్రం ముందే చెప్తున్నాను. ఇది పొద్దున ఎండ తగిలితే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకునే పువ్వు. మీ బాల్కనీకి ఎండే ఒంటిగంటకి వస్తుంది కాబట్టి మీకు ఆలస్యంగా విచ్చుకుంటుంది, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ముడుచుకునే ఉంటుంది. పూలు చూడాలని పెట్టుకుని ఆదివారం మాత్రమే చూసుకోవడం మీకు ఇష్టమేనా? నాకైతే కాదు, అందుకే ఒక్క డబ్బాకే పరిమితం చేశాను.

రెండోది ఎవాల్వులస్. నీలం రంగు చిన్న పూలు, బూడిద పచ్చ ఆకు, కొమ్మలు అడుగు దాకా వేలాడతాయి. ఇదీ పొద్దున పూచేదే, కానీ పూలు లేనప్పుడు కూడా ఆకు అందంగానే ఉంటుంది. మీ అత్తగారికి చెప్పండి, వినాయక చవితి పత్రిలో వాడే విష్ణుక్రాంతం దీని వంశమే. అదే మొక్క కాదు సుమా, ఇది బ్రెజిల్ నుంచి వచ్చినది, నర్సరీలో విష్ణుక్రాంతం అని చెప్పి అమ్మేవాళ్ళూ ఉన్నారు.

మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రస్సేలియా. సరుగుడు ఆకులా సన్నటి పచ్చ కొమ్మలు ఫౌంటెన్‌లా లేచి కిందకి వంగి, వాటి చివర ఎర్రటి గొట్టాల్లాంటి పూలు. ఏడాదిలో ఎప్పుడు చూసినా ఎంతో కొంత పూత ఉంటుంది, పువ్వు పగలంతా అలాగే ఉంటుంది, రెండు రోజులు నీళ్ళు మరిచిపోయినా చావదు. మా ఇంటికి తేనెపిట్టలు దీనికోసమే వస్తాయి. ఒక డబ్బాకి ఒకటే మొక్క పెట్టాలి, మహా అయితే రెండు, మూడు పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి.

నాలుగు, ఊదారంగు పూల పాకే లాంటానా. ఊళ్ళో బీళ్ళలో కంపలా పెరిగే లాంటానా కాదు, దానికి చెల్లెలు లాంటిది, నేల మీద పాకే రకం. ఆకు నలిపితే ఘాటు వాసన. ఎండలో దీన్ని మించినది లేదు, కాకపోతే రెండు నెలలకోసారి కత్తెర వేయకపోతే లోపల అంతా ఎండుకట్టె అవుతుంది.

వెడేలియా అని పసుప్పచ్చ పూలతో ఒకటి చూపిస్తారు, చవగ్గా ఇస్తారు, రోడ్డు డివైడర్ల మీద చూసే ఉంటారు. నేను వద్దంటాను. నీళ్ళు ఎంత పోసినా తాగుతుంది, ఎండకి వాడి తలకిందులవుతుంది, పైగా ముక్క తుంచి ఎక్కడ పడేసినా అక్కడ అల్లుకుపోయే రకం.

---

ఐదో_అంతస్తు · జూన్ 15

మీ వివరణకి చాలా థాంక్స్ అండీ! క్యాలెండర్ తప్పు అన్న మాట మా ఆయనకి చదివి వినిపించాను, రెండేళ్ళుగా నా నీళ్ళు పోసే పద్ధతి మీద జోకులేస్తున్నారు. రస్సేలియా ఫోటో చూశాను, నచ్చింది. పూజకి మాత్రం ఏదీ తేలలేదు. ఇంకో అనుమానం, నా రేకు డబ్బాలు వీటికి సరిపోతాయా? అడుగున ఒక్కటే రంధ్రం ఉంది.

---

జెర్సీ_పెరడు · జూన్ 15

న్యూజెర్సీ నుంచి రాస్తున్నా, మియాపూర్ వారు చెప్పిన క్యాలెండర్ సంగతి అక్షరాలా నిజం. మాకు మే నెల మధ్య దాకా మంచు భయం ఉంటుంది, అది దాటాకే పెటునియాలు, మిలియన్ బెల్స్ బయట పెడతాం. అవి మళ్ళీ అక్టోబర్ మంచుకి పోయే దాకా పూస్తూనే ఉంటాయి. జులైలో పగలు 30 దాటినా రాత్రికి 20 దగ్గరికి దిగుతుంది కాబట్టి బతుకుతాయి. హైదరాబాద్ మే నెలలో పగలు 40, రాత్రి 27, దానికెప్పుడు ఊపిరాడుతుంది? మా అమ్మ వాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు మా బాల్కనీ చూసి వెళ్ళి విజయవాడలో అవే పెట్టి మే నెలలో నాకు ఫోన్ చేసి ఏడిచారు. నేను ఇక్కడ మందారం డిసెంబర్‌లో బయట పెట్టి చంపుకున్నాను, లెక్క సరిపోయింది.

---

సెంటర్‌లైన్ · జూన్ 15

మొక్కల గురించి నాకు పెద్దగా తెలియదు, సివిల్ ఇంజనీర్ని. మీరెవరూ బరువు గురించి మాట్లాడకపోవడం చూసి గుండె ఆగినంత పనైంది.

24 అంగుళాలు, 6, 6 గుణిస్తే 864 ఘనపు అంగుళాలు, అంటే 14 లీటర్లు. ఉత్త ఎర్రమట్టి నింపి నీళ్ళు పోస్తే లీటరు 1.7 కిలోల దాకా తూగుతుంది, డబ్బాకి 24 కిలోలు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కంపోస్ట్ కలిపిన తేలిక మిశ్రమం అయితే తడిసినా లీటరు ఒక కిలో లోపే, డబ్బాకి 14 కిలోలు దాటదు. మీ ఆరు డబ్బాలకి తేడా 60 కిలోలు. అంటే ఒక మనిషి ఇరవై నాలుగు గంటలూ మీ రెయిలింగ్‌కి వేలాడుతున్నట్టు. రెయిలింగ్ కాళ్ళు నేలలో ఎంత లోతుకి దిగాయో మీకు తెలియదు, బిల్డర్‌కి కూడా గుర్తుండదు.

ఇంకో ముఖ్యమైన మాట, డబ్బాలు రెయిలింగ్‌కి బయటి వైపు తగిలించారా లోపలి వైపా? బయట ఉంటే ఈ రోజే లోపలికి మార్చండి. వానకి ముందు వచ్చే ఈదురుగాలికి ఐదో అంతస్తు నుంచి 14 కిలోల డబ్బా కింద పడితే బట్టల గొడవ కాదు, పోలీసు స్టేషన్ గొడవ. వేలాడే కొమ్మలు కడ్డీల సందుల్లోంచి బయటికి అవే వెళ్తాయి, వీధిలోంచి చూసేవాళ్ళకి తేడా తెలియదు. లోపల పెట్టినా కొక్కేన్ని నమ్మకండి. ఆ కొక్కేలు పలక రెయిలింగ్ కోసం చేసినవి, మనవి ఎక్కువగా గుండ్రటి స్టీలు పైపులు, డబ్బా ఊగుతూనే ఉంటుంది. జీఐ తీగని, అంటే జింకు పూత ఉన్న ఇనుప తీగని, డబ్బా చుట్టూ తిప్పి పైపుకి రెండు చోట్ల బిగించి కట్టేయండి.

---

ఐదో_అంతస్తు · జూన్ 15

బయటికే ఉన్నాయి. అన్నీ ఎర్రమట్టే. మావారిని లేపాను, ఇప్పుడే దించుతున్నాం.

---

గోదావరి_గట్టు · జూన్ 16

ఆయ్, మాది కడియపులంక అండి, తాతల నుంచి నర్సరీ పనే. హైదరాబాద్‌లో మీరు కొనే మొక్కల్లో చాలా వాటికి మా కాలవ గట్టే పుట్టిల్లు, చలికాలం పూల కుండీలు కొన్ని పుణె వైపు నుంచి కూడా వస్తాయి. అమ్మేవాడిగా కాకుండా పెంచేవాడిగా నాలుగు మాటలు చెప్తాను.

కవరు మొక్క కొని ఇంటికి తీసుకెళ్ళి కవరు చింపి ఆ మట్టిముద్ద అలాగే కోకోపీట్‌లో పెట్టేస్తారు, ఎక్కువమంది చేసే పొరపాటు ఇదేనండి. మా మట్టి గోదారి ఒండ్రు, బంకగా ఉంటుంది, లారీలో మొక్క కదలకుండా ఉండాలంటే అదే మంచిది. కానీ అది ఒక్కసారి ఎండిందంటే ఇటుకే. మీరు పోసిన నీళ్ళు చుట్టూ ఉన్న కోకోపీట్‌లోంచి జారిపోతాయి, మధ్యలో వేరు ఉన్న ముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. పైన తడిగానే ఉంది కదా మొక్క ఎందుకు పోయింది అంటారు. అందుకని నాటే ముందు కవరుతో సహా బకెట్ నీళ్ళలో ఓ అరగంట ముంచండి, తర్వాత చింపి చుట్టూ ఉన్న మట్టిని వేళ్ళతో మెల్లగా మూడో వంతు రాల్చేయండి. వేర్లు కొంచెం తెగినా పర్లేదు, ఎండలో మాత్రం చేయకండి, సాయంత్రం పూట చేసి వారం పాటు నీడలో ఉంచి అప్పుడు రెయిలింగ్‌కి ఎక్కించండి.

రెండోది, నిండా పూలున్న మొక్క కొనకండి. నేనే ఇలా అంటే మా వాళ్ళు నవ్వుతారు గానీ, పూలతో ఉన్నది ఎదగాల్సిందంతా ఎదిగి మీకు చూపించడానికి నిలబడ్డ మొక్క. పొట్టిగా, కింద నుంచి నాలుగైదు కొమ్మలు చీలి, మొగ్గలు తక్కువగా ఉన్నది ఏరుకోండి. వేలాడే రకాలకి నాటిన పదిహేను రోజులకి చిగుళ్ళు గిల్లేయాలి, మనసొప్పదు గానీ గిల్లాలి, అప్పుడే ఒక్క తీగ బదులు నాలుగు తీగలు వస్తాయి. గిల్లని మొక్క ఒక్క తోకలా కిందకి వేలాడి పైన బోడిగా ఉంటుంది.

పూజ పువ్వు అడిగారు కదండి. బిళ్ళ గన్నేరులో ఇప్పుడు పాకి కిందకి జారే హైబ్రిడ్ రకాలు వస్తున్నాయి, వింకా అంటారు. తెలుపు, గులాబీ, ఊదా. మీ పడమటెండకి ఇది కూడా నిలబడుతుంది, పువ్వు సాయంత్రానికి ముడుచుకోదు. మామూలు బిళ్ళ గన్నేరు నిటారుగా పెరుగుతుంది, కొనేటప్పుడు జారే రకమా అని అడిగి తీసుకోండి. ఒకటే జబ్బు, వానాకాలంలో నీళ్ళు నిలిస్తే కాండం మొదట్లో నల్లబడి ఒక్క రాత్రిలో వాలిపోతుంది, ఇక ఏ మందూ పనిచేయదు. ఒక్క రంధ్రం ఉన్న డబ్బాలో పెట్టారంటే ఖాయంగా అదే అవుతుంది. మేకు కొట్టో డ్రిల్లుతోనో ఐదారు పెట్టండి.

---

మియాపూర్_మిద్దె · జూన్ 16

కడియం బాబాయ్ గారు చెప్పిన బకెట్ ముంచడం బంగారం లాంటి మాట. నేను ఏళ్ళ తరబడి ఎందుకు చస్తున్నాయో తెలియక చంపుకున్నాను.

రేకు డబ్బా గురించి. పడమటెండకి రేకు కాలుతుంది, మధ్యాహ్నం మూడింటికి ముట్టుకుని చూడండి, అంచున ఉన్న వేర్లు ఉడికిపోతాయి. పారేయక్కర్లేదు, లోపల రెండు వైపులా సన్నటి థర్మాకోల్ షీటు కోసి పెట్టండి, వీలైతే బయట తెల్ల రంగు వేయండి. మళ్ళీ కొనేటప్పుడు లేత రంగు మందపాటి ప్లాస్టిక్‌వి, అడుగున నీళ్ళు నిలిచే అర ఉన్నవి తీసుకోండి, మీరు పది రోజులు ఊరెళ్ళినప్పుడు పూర్తిగా కాపాడవు గానీ చలికాలంలో నాలుగైదు రోజులు లాగుతాయి. మిగతా రోజులకి పైన ఒక ఇరవై లీటర్ల క్యాన్, చిన్న డ్రిప్ పైపులు. లేదా పనమ్మాయిని బతిమాలుకోవడం, మా ఇంట్లో అదే.

కొబ్బరి పీచు బుట్టలు అందంగా ఉంటాయి, మన వేసవికి మాత్రం వద్దు, గాలికి నలువైపులా ఆరిపోతాయి.

నేను వేసే మిశ్రమం: కోకోపీట్ రెండు వంతులు, బాగా మాగిన వర్మీ కంపోస్ట్ ఒక వంతు, ఎర్రమట్టి ఒక వంతు, గుప్పెడు వేపపిండి. ఉత్త ఎర్రమట్టి కన్నా చాలా తేలిక. ఇంత తక్కువ మట్టిలో మొక్కకి తిండి తొందరగా అయిపోతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి 19:19:19 అనే నీళ్ళలో కరిగే ఎరువు లీటరు నీళ్ళకి ఒక గ్రాము. ఉల్లితొక్కల నీళ్ళు, టీ పొడి అంటారు, నేను ఏడాది చేసి చూశాను, దోమలు తప్ప ఏమీ పూయలేదు.

---

విశాఖ_ఉప్పుగాలి · జూన్ 17

రస్సేలియాని అంత ఎత్తేశారు గానీ నా అనుభవం వేరు. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు. రస్సేలియా పూలు బాగానే పూసింది, కానీ రాలిన పూలు, ఎండిన పుల్లలు రోజూ ఊడవాలి, కింద వాళ్ళ కారు మీద ఎర్రగా పరుచుకునేది. నీళ్ళ గొడవ ఉన్న ఇంట్లో అది ఇంకో గొడవ. నేను తీసేసి కాగితం పూలు పెట్టుకున్నాను, ఉప్పు గాలికీ ఎండకీ దేనికీ లొంగదు. వేరు కాస్త ఇరుకైనా బాగానే పూస్తుంది కాబట్టి డబ్బా చిన్నదైనా సరే.

---

మియాపూర్_మిద్దె · జూన్ 17

కాగితం పూలూ రాలతాయండీ, పైగా గాలికి ఎగిరి ఊరంతా తిరుగుతాయి :) పైగా ముళ్ళు. 6 అంగుళాల లోతులో రెండేళ్ళు బతుకుతుందేమో గానీ వేసవిలో రోజుకి రెండుసార్లు నీళ్ళు అడుగుతుంది. కింద నేల మీద 12 అంగుళాల కుండీలో పెట్టి కొమ్మల్ని రెయిలింగ్ మీదుగా వంచుకుంటే ఒప్పుకుంటాను. రాలడం మాట మాత్రం నిజమే, రస్సేలియాని నెలకోసారి దులపాలి, నేను చెప్పడం మరిచాను.

---

ఉత్తరం_వైపు · జూన్ 17

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కూకట్‌పల్లి, ఉత్తరపు బాల్కనీ. ఎండే రాదు అనుకుని నీడ మొక్కలు, టొరేనియా, ఇంపేషన్స్ పెట్టాను. ఈ నెలలో చూస్తే ఎండ నేరుగా వచ్చి కాల్చేస్తోంది. ఇదేం వింత?

---

సెంటర్‌లైన్ · జూన్ 17

వింతేం లేదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కర్కట రేఖకి దక్షిణాన. మే రెండో వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట కూడా మనకి ఉత్తరం వైపే ఉంటాడు. ఆ మూడు నెలలు ఉత్తరపు బాల్కనీకి ఎండ, మిగతా ఏడాది ఎక్కువగా నీడ. దక్షిణపు బాల్కనీకి ఉల్టా, చలికాలమంతా ఎండ, నడి వేసవిలో నీడ. ఫ్లాట్ కొనేటప్పుడు వాస్తు చూస్తాం గానీ ఇది చూడం.

---

గోదావరి_గట్టు · జూన్ 17

ఉత్తరపు వాళ్ళకి: టొరేనియా వానాకాలం మొక్కే, తీసేయకండి, ఆగస్టు దాకా డబ్బా ముందు పాత చీర ముక్క కట్టండి చాలు. దక్షిణపు బాల్కనీ వాళ్ళకి మాత్రం పెటునియా వరమండి, చలికాలం ఎండ అంతా దొరుకుతుంది.

---

ఐదో_అంతస్తు · జూన్ 29

అప్‌డేట్. డబ్బాలు లోపలికి మార్చాం, జీఐ తీగతో కట్టేశాం. పాత ఎర్రమట్టి దించి తూకం వేస్తే ఒక డబ్బా 22 కిలోలు ఉంది! రంధ్రాలు వేసి, లోపల థర్మాకోల్ పెట్టి, రెండింటిలో రస్సేలియా ఒక్కోటి, ఒకదానిలో ఎవాల్వులస్, ఒకదానిలో తెల్ల వింకా పెట్టాం. వింకా పూలు అత్తగారికి నచ్చాయి, రోజూ నాలుగు కోస్తున్నారు. మిగతా రెండు పెటునియా కోసం ఖాళీగా ఉంచాను. డబ్బా కింద ట్రేలు పెట్టాను గానీ వాటిలో నీళ్ళు నిలిస్తే దోమలొస్తాయి కదా, రోజూ పారబోయాలా?

---

మియాపూర్_మిద్దె · జూన్ 29

నీళ్ళు పోసిన అరగంటకి ట్రే ఖాళీ చేయండి, డెంగ్యూ రోజులు. ఇంకా తేలిక పద్ధతి, వేగంగా ఒక్కసారి పోయకుండా మగ్గుతో కొంచెం పోసి ఐదు నిమిషాలాగి మళ్ళీ కొంచెం పోయండి, ట్రేలోకి వచ్చేదే తక్కువ. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు మాత్రం ఎంత వృథా అనిపించినా ఈ డబ్బాలకి వద్దు, ఉప్పు పేరుకుపోతుంది. ఖాళీ డబ్బాలు మట్టితో అలా వదిలేయకండి, ఏదో ఒకటి పెట్టి ఉంచండి.

---

ఐదో_అంతస్తు · డిసెంబర్ 3

చాలా రోజులైంది. రస్సేలియా రెండూ రెయిలింగ్ దాటి రెండడుగులు వేలాడుతున్నాయి, తేనెపిట్ట నిజంగానే వచ్చింది. ఎవాల్వులస్ వానల్లో సగం పోయింది, మిగిలిన సగం కత్తిరిస్తే మళ్ళీ చిగురించింది. వింకాలో రెండు మొక్కలు మీరన్నట్టే ఒక్క రాత్రిలో వాలిపోయాయి. పెటునియా నవంబర్ రెండో వారంలో ఒక డబ్బాలో పెట్టాను, చిగుళ్ళు కూడా గిల్లాను, ఇప్పుడు మొగ్గలతో నిండుగా ఉంది.

రెండో డబ్బా ఉందే, ఖాళీగా వదలొద్దన్నారు కదా, వదిలేశాను. ఇప్పుడు దాంట్లో పావురం నాలుగు పుల్లలు పరిచి రెండు గుడ్లు పెట్టింది. అత్తగారు కదిలించనివ్వడం లేదు. ఎన్ని రోజులు పడుతుంది?

---

గంగవాయిలి · డిసెంబర్ 3

పొదగడానికి 18 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. సంక్రాంతి దాటాకే మీ చేతికి వస్తుంది. రెట్ట ఎండాక ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ముక్కుకి గుడ్డ కట్టుకుని తడిపి తీయండి. పిల్లలు వెళ్ళిన రోజే మట్టి మార్చి డబ్బాలో దగ్గర దగ్గరగా పుల్లలు గుచ్చేయండి, లేకపోతే అదే జంట మళ్ళీ వస్తుంది. అప్పటికి పెటునియా టైము ఎలాగూ దాటిపోతుంది.

గడ్డి గులాబీ పెట్టండి.